చెన్నైలో చదివే తెలుగు విద్యార్థులకు ఏ సామాజిక మాధ్యమం తగినది? వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్, డిస్కార్డ్‌ల మీద చర్చ

కావలి_విద్యార్థి (ప్రశ్న)

నమస్కారం. నేను చెన్నైలో, తాంబరం దాటాక జీఎస్టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) పక్కన ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్నాను. నెల్లూరు, తిరుపతి, గుంటూరు జిల్లాల నుంచి, హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. అందరికీ కలిపి మాకొక విద్యార్థి బృందం ఉంది. ఉగాది వేడుకలు జరపడం, కొత్తగా చేరినవాళ్లకు హాస్టళ్ల గురించీ మెస్‌ల గురించీ చెప్పడం, సీనియర్ల నోట్సును జూనియర్లకు చేర్చడం, సంక్రాంతికి రైల్లో చోటు దొరకనప్పుడు అందరూ కలిసి ఒక బస్సు మాట్లాడుకోవడం, రాత్రివేళ ఎవరికైనా రక్తం అవసరమైతే దాతను వెతకడం లాంటి పనులన్నీ ఈ బృందం ద్వారానే సాగుతున్నాయి. ఈ ఏడాది సమాచారం చేరవేసే బాధ్యతను నాకూ మరో ఇద్దరికీ అప్పగించారు.

ఇప్పటివరకు ఈ పనులన్నింటికీ వాట్సాప్ గ్రూపులే ఆధారం. ఏడాదికొకటి, హాస్టల్‌కొకటి, బ్రాంచికొకటి చొప్పున అవి పెరిగిపోయాయి. ఉదయం పెట్టిన నోటీసు మధ్యాహ్నానికల్లా పుట్టినరోజు శుభాకాంక్షల కిందా క్రికెట్ చర్చల కిందా కూరుకుపోతోంది. అందుకని బృందంలో ఒక్కొక్కరు ఒక్కొక్క మార్గం చెబుతున్నారు. కొత్త విద్యార్థులు ప్రవేశం ఖాయం కాకముందే ఇన్‌స్టాగ్రామ్‌లో కళాశాల గురించి వెతుకుతున్నారు కనుక అక్కడికే మారాలని కొందరి వాదన. కోడింగ్ క్లబ్బు మిత్రులు డిస్కార్డ్ అంటున్నారు. నోట్సు ఇప్పటికే సగం టెలిగ్రామ్‌లో ఉంది. మొదటి సంవత్సరం వాళ్లు తమలో తాము మాట్లాడుకునేది ఎక్కువగా స్నాప్‌చాట్‌లోనే. ఇదే జీఎస్టీ రోడ్డు మీద కార్యాలయం ఉన్న జోహో సంస్థ తయారుచేసిన అరట్టై అనే సందేశాల యాప్‌ను వాడదామనే వాళ్లూ ఉన్నారు.

వీటిలో దేనికి ఎక్కువ ఆదరణ ఉందన్నది నా ప్రశ్న కాదు. నోటీసు అందరికీ సకాలంలో అందాలి. అమ్మాయిల ఫోన్ నంబర్లు తెలియనివాళ్ల చేతుల్లో పడకూడదు. ఈ ఏడాది మేము పోగుచేసిన నోట్సు మేము వెళ్లిపోయాక కూడా తరువాతి వాళ్లకు దొరకాలి. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని, అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తాంబరం_మాధవి

నేను చెన్నైలోనే చదివి ఇప్పుడు పెరుంగుడిలో ఉద్యోగం చేస్తున్నాను. చదువుకునే రోజుల్లో మా కళాశాల తెలుగు బృందానికి ఇలాంటి బాధ్యతే చూశాను కనుక నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఫోన్ నంబర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మిగిలిన రెండింటికన్నా అదే ముఖ్యం. మామూలు వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మంది వరకు చేరవచ్చు. చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగిలిన అందరికీ కనిపిస్తుంది. గ్రూపు లింకును ఎవరో ఒకరు మరో గ్రూపులో పెడతారు, అక్కడి నుంచి ఎవరెవరో లోపలికి వస్తారు, ఆపైన మొదటి సంవత్సరం అమ్మాయిలకు రాత్రి పదకొండు గంటలకు తెలియని నంబర్ల నుంచి సందేశాలు మొదలవుతాయి. మా బృందానికి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఈ ఫిర్యాదు వచ్చేది. చాలామంది అమ్మాయిలు గొడవెందుకని ఎవరికీ చెప్పకుండా గ్రూపు నుంచి తప్పుకునేవారు. అలా తప్పుకున్నవాళ్లకు ఆ తరువాత హాస్టల్ నోటీసు గానీ, పండుగ బస్సు సంగతి గానీ తెలిసేది కాదు. నంబరు బయటపడుతుందన్న భయంతో ఒక విద్యార్థిని సమాచారానికే దూరమైపోతే ఆ గ్రూపు ఉండి ఆమెకు ఒరిగేదేమీ లేదు.

దీనికి వాట్సాప్‌లోనే కొంత పరిష్కారం ఉంది. 2022 నవంబరులో వచ్చిన కమ్యూనిటీ సదుపాయంలో ప్రకటనల గ్రూపు ఒకటి విడిగా ఉంటుంది. అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు, ఒక సభ్యుడి నంబరు తెలియని మరో సభ్యుడికి కనిపించదు. 2023లో వచ్చిన ఛానెల్ ఇంకా సురక్షితం. అక్కడ అనుసరించేవాళ్ల నంబర్లే కాదు, నడిపేవాళ్ల నంబర్లు కూడా బయటపడవు. మీ నోటీసులన్నీ ఈ రెండింటిలో ఒకదానికి మార్చి, కబుర్ల గ్రూపులను ఇష్టమైనవాళ్లకు వదిలేయండి. వాట్సాప్‌ను పూర్తిగా వదిలిపెట్టమని మాత్రం నేను చెప్పను. కొత్త యాప్ వేసుకోమని అడిగిన వెంటనే సగం మంది వెనక్కి తగ్గుతారు. పైగా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు కూడా తెలిసినది అదొక్కటే.

టెలిగ్రామ్ విషయానికి వస్తే నోట్సుకు అది నిజంగానే అనువైనది. ఒక ఫైలు 2 జీబీ వరకు ఉండవచ్చు, గ్రూపులో రెండు లక్షల మంది వరకు చేరవచ్చు, నంబరును ఎవరికీ కనపడకుండా అమర్చుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లు పాత సందేశాలను కూడా చదివేలా అడ్మిన్ ఏర్పాటు చేయవచ్చు. ఆగస్టులో చేరిన విద్యార్థి అంతకుముందు ఏప్రిల్‌లో పెట్టిన నోట్సును వెతుక్కోగలడు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వాట్సాప్‌లో 2016 నుంచి వ్యక్తిగత సందేశాలన్నీ పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మూడో వ్యక్తికి చదవడానికి వీల్లేకుండా ఉంటాయి. టెలిగ్రామ్‌లో ఆ రక్షణ రహస్య సంభాషణ ఎంచుకున్నప్పుడు మాత్రమే ఉంటుంది, గ్రూపులకు ఉండదు. ఇక రెండోది, అక్కడ అపరిచితులు మీ సభ్యులను చేరుకోవడం చాలా తేలిక. పరీక్షకు ముందు ప్రశ్నపత్రం ఇస్తామని డబ్బు వసూలు చేసేవాళ్లు, ఇంట్లో కూర్చుని రివ్యూలు రాస్తే రోజుకు ఇంత ఇస్తామని మొదట కొంచెం చెల్లించి తరువాత పెద్ద మొత్తం లాగేవాళ్లు ఎక్కువగా అక్కడే తిరుగుతుంటారు. అందుచేత టెలిగ్రామ్‌ను అడ్మిన్లు మాత్రమే రాసే ఛానెల్‌గా, నోట్సు కోసం మాత్రమే వాడడం మంచిది.

డిస్కార్డ్ 2015లో ఆటలు ఆడేవాళ్ల కోసం మొదలైంది. ఒకే సర్వర్‌లో సబ్జెక్టుకొక గది, ప్రాజెక్టుకొక గది పెట్టుకోవచ్చు. ఎవరికి ఏ గదిలోకి ప్రవేశం ఉండాలో నిర్ణయించవచ్చు, పాత చర్చలను వెతకవచ్చు. ఖాతాకు ఈమెయిల్ చాలు, ఫోన్ నంబరు ఎవరికీ కనిపించదు. ఏర్పాటు పరంగా చూస్తే వీటన్నింటిలో ఉత్తమమైనది అదేనని నా అభిప్రాయం. కానీ కంప్యూటర్ సైన్సు వాళ్లు దాటితే తెరిచి చూసేవాళ్లు ఉండరు. సివిల్, బయోటెక్నాలజీ, బీకాం విద్యార్థులను అక్కడికి రప్పించడానికి మేము చాలా శ్రమపడ్డాం, వారు చేరారు గానీ తిరిగి రాలేదు. కోడింగ్ క్లబ్బుకు ఉంచండి, మొత్తం బృందానికి వద్దు.

సైదాపేట_పాతవిద్యార్థి

మాధవి గారు ఫోన్ నంబర్ల గురించి చెప్పినది అక్షరాలా నిజం. నేను ఇంకొక వైపు నుంచి మాట్లాడతాను. మీరు రక్తదాతల సంగతి ప్రస్తావించారు కనుక, అత్యవసర సమయంలో ఏ మాధ్యమం ఎలా పనిచేస్తుందో ఆలోచించవలసి ఉంది.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగినప్పుడు నేను సైదాపేటలో అద్దె గదిలో ఉండి చదువుకుంటున్నాను. చాలా ప్రాంతాల్లో కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. సిగ్నల్ దొరికిన చోట నుంచి విద్యార్థులూ, ఉద్యోగులూ ట్విట్టర్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఎక్కడ పడవ కావాలో, ఎక్కడ అన్నం పెడుతున్నారో, ఎవరి ఇంట్లో తలదాచుకోవచ్చో రాశారు. ఆ వివరాలను ఇంకొందరు ఉమ్మడి స్ప్రెడ్‌షీట్లలో ఎక్కించారు. క్షేమంగా ఉన్నామని తెలియజేసే సదుపాయాన్ని ఫేస్‌బుక్ ఆ సమయంలో చెన్నైకి ప్రారంభించింది. మా అమ్మానాన్నలకు నేను బతికే ఉన్నానని తెలిసింది ఊళ్లో మా బంధువు ఒకరు ఫేస్‌బుక్‌లో చూసి చెప్పడం వల్లనే.

అదే సమయంలో వాట్సాప్‌లో జరిగినది కూడా చూశాను. కాపాడబడినవాళ్ల కోసం మరునాడు కూడా, ఆ మరునాడు కూడా సహాయం కోరుతూ సందేశాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియదు. ఆ చిరునామాకు పడవ వేసుకుని వెళ్లినవాళ్లు ఖాళీ ఇల్లు చూసి తిరిగి రావలసి వచ్చింది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీది మొసళ్ల సంరక్షణ కేంద్రం నుంచి మొసళ్లు తప్పించుకున్నాయన్న పుకారు ఊరంతా పాకింది, అది అబద్ధమని ఆ కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. ఇక్కడ తేడా ఎక్కడుందంటే, ఫేస్‌బుక్‌లో పెట్టిన విజ్ఞప్తికి ఒక తేదీ, ఒక పేరు, ఒక లింకు ఉంటాయి. పని జరిగిపోయాక రాసినవారే దాన్ని సవరించి అవసరం తీరిందని పైన రాయవచ్చు, దాన్ని పంచుకున్న ప్రతిచోటా ఆ మార్పు కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన సందేశం అసలు రాసినవారి చేయి దాటిపోతుంది. 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టారు, 2023లో సందేశం పంపిన పావుగంటలోపు సవరించుకునే వీలు కల్పించారు. అయినా అప్పటికే ఇతరుల దగ్గరకు వెళ్లిన నకళ్ల మీద మనకు ఏ అధికారమూ ఉండదు.

అందుచేత రక్తం కావాలన్నా, తుపాను సమయంలో సహాయం కావాలన్నా ఆ వివరాలను నేరుగా వాట్సాప్‌లో రాయకండి. సవరించడానికి వీలున్న ఒక పేజీలో, అది ఫేస్‌బుక్ కావచ్చు, అందరూ చూడగలిగే గూగుల్ డాక్యుమెంటు కావచ్చు, వివరాలు రాసి లింకును మాత్రమే వాట్సాప్‌లో పంపండి. అవసరం తీరగానే పేజీని మార్చండి. ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చున్న మనిషికి, రక్తం దొరికాక కూడా రెండు రోజులపాటు ఫోన్లు వస్తూ ఉంటే ఎంత బాధగా ఉంటుందో నేను చూశాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలోని కుర్రాళ్లు ఈ పద్ధతిలోనే పాల ప్యాకెట్ల పంపిణీ నడిపారు, గందరగోళం చాలావరకు తగ్గింది.

ఇక మీ మూడో ప్రశ్న, నోట్సు నిలిచి ఉండడం. ఇది చాలామంది పట్టించుకోని విషయం. మా ముందు తరం విద్యార్థులు ఆర్కుట్‌లో కళాశాలల పేరిట కమ్యూనిటీలు నడిపేవారు. 2004లో మొదలైన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. ఎన్నో తెలుగు చర్చా బృందాలకు ఆశ్రయమిచ్చిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడింది. బెంగళూరులో పుట్టి, తెలుగులో కూడా రాసుకునే వీలిచ్చిన కూ 2024 జులైలో ఆగిపోయింది. ఇవన్నీ ఒక కాలంలో అందరూ వాడినవో, అందరూ వాడతారని అనుకున్నవో. కనుక నోట్సు అసలు ప్రతి ఏ సామాజిక మాధ్యమంలోనూ ఉండకూడదు. బృందం పేరుతో ఒక ఈమెయిల్ ఖాతా తెరిచి అందులోని డ్రైవ్‌లో ఉంచండి. కళాశాల ఇచ్చిన ఈమెయిల్‌తో తెరవకండి, చదువు పూర్తయ్యాక అలాంటి ఖాతాలను సాధారణంగా తీసేస్తారు. గూగుల్ ఉచిత ఖాతాలో 15 జీబీ ఇస్తుంది, పాఠాల నోట్సుకు అది సరిపోతుంది. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను తొలగించే విధానం కూడా ఆ సంస్థకు ఉంది కనుక ఏడాదికొకసారైనా అందులోకి వెళ్లి చూసే బాధ్యతను ఎవరికైనా అప్పగించండి.

కావలి_విద్యార్థి

మాధవి అక్కకూ, సైదాపేట అన్నయ్యకూ ధన్యవాదాలు. రక్తదానం విజ్ఞప్తుల గురించి చెప్పినది మాకు ఎవరికీ తట్టని విషయం, దాన్ని ఈ వారమే అమలు చేస్తాం. అయితే ఇన్‌స్టాగ్రామ్ గురించి ఎవరూ చెప్పలేదు. మా బృందంలో అసలు వాదన దాని గురించే. కొత్త విద్యార్థులు మమ్మల్ని కలిసేది అక్కడే అయినప్పుడు నోటీసులు కూడా అక్కడే పెడితే ఏమిటి ఇబ్బంది?

ఏలూరు_అమ్మాయి

నేను ఈ సంవత్సరమే చెన్నైలో చేరాను కనుక కొత్త విద్యార్థిగా నాకు ఎదురైనది చెబుతాను. కౌన్సెలింగ్ నడుస్తున్న రోజుల్లో నేనూ నా స్నేహితురాళ్లూ కళాశాలల గురించి మొదట వెతికింది ఇన్‌స్టాగ్రామ్‌లోనే. హాస్టల్ గదుల రీల్స్, మెస్ భోజనం రీల్స్ చూసే నిర్ణయాలు తీసుకున్నాం. కానీ కళాశాల పేరు, చేరబోయే సంవత్సరం కలిపి పెట్టిన ఖాతాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది విద్యార్థులది, ఏది అద్దె గదుల దళారులది, ఏది ప్రవేశాలు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలది అన్నది బయటి నుంచి చూసేవాళ్లకు తెలిసే మార్గం లేదు. అలాంటి ఒక ఖాతా నన్ను ఒక గ్రూపులో చేర్చింది, అక్కడ హాస్టల్ గది ముందుగా పట్టుకోవాలంటే డబ్బు పంపమన్నారు. మా నాన్నగారు నేరుగా కళాశాలకు ఫోన్ చేసి అడిగితే అలాంటిదేమీ లేదన్నారు.

నిజమైన సంగతులు నాకు రెడిట్ అనే చర్చా వేదికలో దొరికాయి. అక్కడ రాసేవాళ్లు పేరు చెప్పనవసరం లేదు కనుక మెస్ గురించి, హాజరు నిబంధనల గురించి, ప్లేస్‌మెంట్ల గురించి మొహమాటం లేకుండా రాస్తారు. నాలుగేళ్ల కింద ఎవరో అడిగిన ప్రశ్న కూడా గూగుల్‌లో వెతికితే బయటికి వస్తుంది. అందులో అసంతృప్తితో ఉన్నవాళ్ల మాటలే ఎక్కువగా వినిపిస్తాయన్నది నిజమే, తెలుగులో రాసేవాళ్లు కూడా తక్కువే. అయినా ఒక నిర్ణయం తీసుకోవలసిన విద్యార్థికి అందమైన రీల్ కన్నా అది ఎక్కువ ఉపయోగపడింది. మీ బృందం అక్కడికి వెళ్లి, కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాస్తే వచ్చే ఏడాది చేరబోయేవాళ్లకు కూడా అవి పనికొస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మాత్రం తప్పకుండా ఉంచండి, ఎందుకంటే అసలైనది లేకపోతే ఆ చోటును నకిలీవి ఆక్రమిస్తాయి.

తాంబరం_మాధవి

ఈ చెల్లెలు చెప్పినదే ఇన్‌స్టాగ్రామ్‌తో అసలు ప్రయోజనం. అది మిమ్మల్ని కొత్తవాళ్లకు పరిచయం చేస్తుంది. నోటీసులకు మాత్రం అది పనికిరాదు, కారణాలు చెబుతాను. మీరు పెట్టిన పోస్టును ఎవరికి ఎప్పుడు చూపాలో ఆ యాప్ నిర్ణయిస్తుంది. రేపు సాయంత్రం నాలుగింటికి సమావేశమని పెట్టిన పోస్టు కొందరికి ఎల్లుండి కనిపిస్తుంది. స్టోరీలో పెడితే ఇరవై నాలుగు గంటల్లో మాయమవుతుంది. పోస్టు కింద రాసిన లింకును నొక్కితే తెరుచుకోదు. బొమ్మగా చేసిన నోటీసులోని ఫోన్ నంబరును తేలికగా కాపీ చేసుకోలేరు, ఆరు నెలల తరువాత వెతికినా దొరకదు.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోండి. మొదటి సంవత్సరంలో చేరేవాళ్లలో చాలామందికి ఇంకా పదిహేడేళ్లే. పద్దెనిమిది నిండనివాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ టీన్ ఖాతాలను 2025లో మన దేశంలో కూడా ప్రవేశపెట్టింది. వాటిలో తాము అనుసరించేవాళ్ల నుంచి, అంతకుముందే పరిచయం ఉన్నవాళ్ల నుంచి మాత్రమే సందేశాలు అందుతాయి. కాబట్టి మీరు పంపిన స్వాగత సందేశం ఆ పిల్లలకు చేరదు. ముందు వాళ్లే మీ ఖాతాను అనుసరించాలి. అందుకని మీ ఖాతా పైభాగంలో వాట్సాప్ ఛానెల్ లింకు ఒకటి, నోట్సు లింకు ఒకటి పెట్టి, వచ్చినవాళ్లను అటు పంపించండి.

క్రోంపేట_అధ్యాపకురాలు

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను, హాస్టల్ వార్డెన్‌గా కూడా పనిచేశాను. ఇక్కడి చర్చ చూశాక, విద్యార్థులు అంత తేలికగా మాట్లాడని రెండు విషయాలు చెప్పాలనిపించింది.

మొదటిది సీనియర్లు పెట్టే గ్రూపుల గురించి. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ తమిళనాడు 1997లోనే చట్టం చేసింది. యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. ఆ తరువాత వసతి గృహాల్లో కనిపించే ర్యాగింగ్ చాలావరకు తగ్గింది గానీ దానిలో కొంత భాగం ఫోన్లలోకి వచ్చింది. జూనియర్లను గ్రూపులో చేర్చి, అర్ధరాత్రి దాకా పరిచయాలు చెప్పమనడం, జవాబివ్వకపోతే అందరి ముందు తిట్టడం, బహిష్కరిస్తామని బెదిరించడం నేను స్వయంగా విచారించిన ఫిర్యాదుల్లో ఉన్నాయి. అనధికార వాట్సాప్ గ్రూపుల ద్వారా జూనియర్లను వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌గానే చూడాలని యూజీసీ 2025లో కళాశాలలకు సూచించింది. ర్యాగింగ్ నిరోధక సహాయ నంబరు 1800-180-5522. మీ బృందం ప్రకటనల్లో ఈ నంబరును పైనే ఉంచాలని, తెలుగువాళ్లమే కదా అన్న చనువుతో కూడా ఎవరూ హద్దు దాటకుండా చూడాలని కోరుతున్నాను. ఊరు కాని ఊరు వచ్చిన పిల్లకు మొదట ధైర్యమిచ్చేది తన భాష మాట్లాడే మనుషులే, భయం కూడా వాళ్ల వల్లనే కలిగితే ఆమె ఎవరి దగ్గరికి వెళుతుంది?

రెండోది స్నాప్‌చాట్. పంపిన బొమ్మ చూడగానే మాయమవుతుందన్న నమ్మకంతో పిల్లలు అందులో పంపకూడనివి పంపుతారు. స్క్రీన్‌షాట్ తీస్తే పంపినవారికి తెలుస్తుంది, నిజమే. మరో ఫోనుతో ఫొటో తీస్తే తెలియదు. పైగా వేధింపు జరిగినప్పుడు ఆ మాయమయ్యే గుణమే బాధితురాలికి అడ్డమవుతుంది, ఫిర్యాదు చేయడానికి వచ్చిన అమ్మాయి దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. అందులోని మ్యాప్‌లో మనం ఉన్న చోటు స్నేహితులకు కనిపించే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని ఆపివేసి ఉంచుకోమని హాస్టల్ పిల్లలకు నేను ప్రతి ఏడాదీ చెబుతాను. రోజూ ఒకరికొకరు బొమ్మ పంపుకోకపోతే, వరుసగా ఎన్ని రోజులు పంపుకున్నారో ఆ యాప్ చూపే లెక్క తెగిపోతుందని పరీక్షల ముందు రాత్రి కూడా ఫోను పట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. స్నేహితులు తమలో తాము వాడుకుంటే వాడుకోనివ్వండి. బృందం పేరుతో మాత్రం అక్కడ ఖాతా తెరవకండి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా మీ దగ్గరికి వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయించండి, మొదటి కొన్ని గంటల్లో చెబితేనే ఆ సొమ్మును బ్యాంకులో ఆపే అవకాశం ఎక్కువ.

లింక్డ్ఇన్ పేరు మీరు అసలు ఎత్తలేదు. 2003 నుంచి ఉన్న ఆ సైటు మూడో ఏడాది నుంచి అవసరమవుతుంది. కళాశాల పేజీలో పూర్వ విద్యార్థుల విభాగం తెరిస్తే ఎవరు ఏ ఊళ్లో, ఏ సంస్థలో, ఏ పనిలో ఉన్నారో కనిపిస్తుంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీది కంపెనీల్లో మీ కళాశాల తెలుగువాళ్లు ఎందరున్నారో మీకే ఆశ్చర్యం కలుగుతుంది. వారికి రాసేటప్పుడు ఉద్యోగం ఇప్పించమని మొదటి వాక్యంలోనే అడగకుండా, వారి పని గురించి ఒక నిర్దిష్టమైన ప్రశ్న అడగమని మీ చివరి సంవత్సరం వాళ్లకు చెప్పండి. అలా రాసిన విద్యార్థులకు జవాబులు రావడం నేను చూశాను.

కావలి_విద్యార్థి

మేడమ్, మీరు చెప్పిన రెండు సహాయ నంబర్లనూ ఛానెల్ వివరాల్లో ఈ రాత్రికే చేరుస్తాను. అందరూ చెప్పినది మిగతా ఇద్దరితోనూ మాట్లాడాను. నోటీసులకు వాట్సాప్ ఛానెల్, నోట్సుకు బృందం పేరుతో డ్రైవ్, దాని లింకులు పంచడానికి అడ్మిన్లు మాత్రమే రాసే టెలిగ్రామ్ ఛానెల్, కొత్తవాళ్లకు పరిచయంగా ఇన్‌స్టాగ్రామ్ ఉంచుదామనుకుంటున్నాం. మిగిలిన సందేహాలు రెండు. అరట్టై గురించి మీ అభిప్రాయం ఏమిటి? మేము వచ్చే ఏడాది తప్పుకున్నాక ఈ ఖాతాలను తరువాతి వాళ్లకు ఎలా అప్పగించాలి?

సైదాపేట_పాతవిద్యార్థి

అరట్టై 2021లో మొదలై, 2025 సెప్టెంబరు చివర్లో ఒక్కసారిగా అందరి నోళ్లలో పడింది. మన ఊళ్లో తయారైనది నిలబడాలని నాకూ ఉంది, నా ఫోనులో పెట్టుకున్నాను. అయితే ఒక మాధ్యమం పనికిరావాలంటే మనం చేరుకోవలసిన మనుషులు అక్కడ ఉండాలి. మీ సభ్యుల్లో ఎంతమంది దాన్ని రోజూ తెరుస్తున్నారో ముందు అడిగి తెలుసుకోండి. సగానికి పైగా ఉంటే అక్కడ కూడా నోటీసులు పెట్టండి, లేకపోతే ఆగండి.

అప్పగింత విషయంలో ఒక పద్ధతి పాటించండి. ప్రతి ఛానెల్‌కూ కనీసం ముగ్గురు అడ్మిన్లు ఉండాలి, వాళ్లలో ఒకరు రెండో సంవత్సరం విద్యార్థి అయి ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ఎవరి సొంత ఈమెయిల్‌తోనూ కాక బృందం ఈమెయిల్‌తో తెరవండి. పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే రెండంచెల భద్రత తప్పకుండా పెట్టండి, కానీ ఆ కోడ్ ఒక్కరి ఫోనుకే వచ్చేలా పెడితే ఆ ఒక్కరు ఉద్యోగానికి పుణెకో, పై చదువుకు విదేశానికో వెళ్లాక ఎవరూ లోపలికి వెళ్లలేరు. ఈ భద్రత పెట్టుకునేటప్పుడు ఇచ్చే అత్యవసర కోడ్‌లను కాగితం మీద రాసి, మీ బృందానికి సలహాదారుగా ఉన్న అధ్యాపకుల దగ్గర భద్రపరచండి. అప్పగింతను చివరి పరీక్షలు ముగిశాక కాకుండా ఫిబ్రవరిలోనే చేయండి. అప్పుడు కొత్త అడ్మిన్లు ఉగాది వేడుకల నోటీసులను మీరు ఇక్కడ ఉండగానే తమ చేతులతో పెట్టి చూసుకోగలుగుతారు, సందేహం వస్తే హాస్టల్లోనే మిమ్మల్ని అడగగలుగుతారు.